శాంపిల్ ఓకే అన్నాం, బల్క్ వేరే రంగులో వచ్చింది: అద్దకం మీద మీ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే బాధ చుట్టూ ఉన్నాయండి. శాంపిల్ చూసి సరే అన్నాం, బల్క్, అంటే గుడ్డంతా అద్దకం అయి వచ్చేసరికి రంగు తేడా కొడుతోంది, ఇప్పుడేం చెయ్యాలి అని. మొత్తం అద్దేశాక చెయ్యగలిగేది చాలా తక్కువ, చెయ్యాల్సిందంతా ముందే ఉంటుంది. అందుకే ఈ నెల పేజీలన్నీ శాంపిల్‌కీ రంగు కలపడానికే ఇచ్చేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. డిజైనర్ ఇచ్చిన ఫొటోని డైయింగ్ యూనిట్‌కి వాట్సాప్‌లో పంపి అచ్చం ఇదే రంగు కావాలన్నాం. మాకు కావాల్సింది నెమలికంఠం రంగు, వచ్చింది దాదాపు ఆనంద బ్లూ. ఫొటోలో ఉన్నదే చేశాం అని వాళ్ళంటున్నారు. రంగు ఇంకెలా చెప్పాలి?

జవాబు: వాళ్ళ ఫోన్‌లో అది నిజంగానే అలా కనపడి ఉండొచ్చండి. ఫోన్ కెమెరా గదిలో ఉన్న లైట్‌ని బట్టి రంగుని తనంతట తనే సరిచేసేస్తుంది, పంపేటప్పుడు ఫొటో ఇంకొంచెం నలుగుతుంది, ఆపైన ఒక్కో స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది. పైగా స్క్రీన్ తన సొంత వెలుగుతో రంగు చూపిస్తుంది, గుడ్డేమో తన మీద పడ్డ వెలుగుని తిప్పి పంపి చూపిస్తుంది. నెమలికంఠం లాంటి నీలం ఆకుపచ్చ కలిసిన రంగుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. కాబట్టి ఫొటో ఐడియా చెప్పడానికి పంపండి, రంగు తేల్చడానికి మాత్రం చేతిలో పట్టుకునే వస్తువు ఒకటి ఇవ్వాల్సిందే. అన్నిటికన్నా మంచిది గుడ్డ ముక్క, మీరు అద్దించబోయే రకం గుడ్డ అయితే ఇంకా మంచిది, నాలుగు మడతలు వేసినా అరచేతికి సరిపోయేంత ఉండాలి. గోరంత పీలిక ఇస్తే రంగు కొలిచే మెషిన్ దాన్ని చదవలేదు, కన్ను కూడా నమ్మకంగా చెప్పలేదు.

గుడ్డ దొరకకపోతే పాంటోన్ నంబర్, అంటే పాంటోన్ కంపెనీ రంగు కార్డుల మీద ఉండే నంబర్ ఇవ్వచ్చు, కానీ నంబర్ చివర ఉన్న అక్షరాలు కూడా రాయండి. టీసీఎక్స్ అంటే కాటన్ మీద అద్దిన ముక్క, టీపీజీ అంటే కాగితం మీద పూసింది, ఉత్త సీ అంటే నున్నటి పేపర్ మీద ప్రింటింగ్ ఇంకుది. బట్టలకి టీసీఎక్స్ తప్ప వేరేది ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం, ఇంకు రంగులో ఉండే మెరుపు కాటన్‌లో ఎప్పటికీ రాదు, దాన్ని పట్టుకుని ల్యాబ్ వాళ్ళ వెంట పడటం అన్యాయం. ఇంకోటి, ఆ కార్డు మీ దగ్గరా వాళ్ళ దగ్గరా రెండు చోట్లా ఉండాలి, ఏళ్ళ తరబడి టేబుల్ మీద వెలుతురులో పడి ఉన్న కార్డు అయితే ముందు అదే వెలిసిపోయి ఉంటుంది.

ప్రశ్న: ల్యాబ్ డిప్ అంటూ ఎ, బి, సి అని మూడు ముక్కలు పంపారు. మూడూ ఒకేలా ఉన్నట్టున్నాయి, మూడూ కొంచెం కొంచెం తేడాగానూ ఉన్నాయి. ఎందుకిలా? ఏది ఎంచుకోవాలి, ఏమని జవాబు రాయాలి?

జవాబు: మంచి ప్రశ్న, చాలామంది సిగ్గుపడి అడగరు. ల్యాబ్ డిప్ అంటే మీరిచ్చిన రంగుని చూసి, బల్క్‌కి వాడబోయే గుడ్డలోంచే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో అద్ది చూపించే శాంపిల్. మామూలుగా 5 గ్రాములో 10 గ్రాములో తీసుకుంటారు. ఇందులో లెక్క ఎలా ఉంటుందో చెప్తాను, అది తెలిస్తే సగం సందేహాలు వాటంతటవే పోతాయి. 2 శాతం షేడ్ అంటే గుడ్డ బరువులో 2 శాతం రంగు, అంటే 5 గ్రాముల గుడ్డకి 0.1 గ్రాము రంగు పొడి. అంత కొంచెం పొడి ప్రతిసారీ తూచడం కష్టం కాబట్టి ముందే 1 శాతం ద్రావణం చేసి పెట్టుకుని అందులోంచి పిపెట్‌తో 10 మిల్లీలీటర్లు తీస్తారు. ఇదే లేత గంధం రంగుకి వచ్చేసరికి అందులో నీలం భాగం 0.05 శాతమే ఉండొచ్చు, దానికోసం 0.1 శాతం పలచటి ద్రావణం పెట్టుకున్నా 2.5 మిల్లీలీటర్లే తియ్యాలి, అక్కడ 0.1 మిల్లీలీటరు అటూ ఇటూ అయిందంటే నీలం 4 శాతం మారినట్టే, ముక్క ఎర్రగానో ఆకుపచ్చగానో తిరుగుతుంది. ముదురు నేవీ బ్లూ కన్నా లేత బూడిద రంగు కుదరడం ఎందుకంత కష్టమో ఇప్పుడు అర్థమైంది కదా.

రెసిపీ మొదటిసారి కంప్యూటరే చెప్తుంది, కుబెల్కా, మంక్ అనే ఇద్దరు 1931లో ఇచ్చిన సిద్ధాంతం మీద ఆ లెక్క నడుస్తుంది, గుడ్డ ఎంత వెలుగు పీల్చుకుంటోంది ఎంత చెదరగొడుతోంది అనేదాన్ని బట్టి ఏ రంగు ఎంత వెయ్యాలో అంచనా కడుతుంది. అంచనాయే, తీర్పు కాదు. దాన్ని అద్ది చూసి, సరిచేసి, మళ్ళీ అద్ది దగ్గరకి తెస్తారు. దగ్గరకొచ్చాక ఒకటి స్టాండర్డ్‌కి, అంటే మీరిచ్చిన రంగుకి వీలైనంత దగ్గరగా, ఒకటి కాస్త ముదురుగా, ఒకటి కాస్త ఎరుపు వైపో పసుపు వైపో జరిపి మీకు పంపుతారు, మీ కన్ను ఎటు మొగ్గుతుందో తెలియడానికి. అవే మీ ఎ, బి, సి.

జవాబు రాసేటప్పుడు బాలేదు, మళ్ళీ చెయ్యండి అని మాత్రం రాయకండి, దాంతో ల్యాబ్ మనిషి ఏం చెయ్యగలడు చెప్పండి. ఎటు వెళ్ళాలో రాయండి. ముదురా లేతా, ఎర్రగా ఉందా ఆకుపచ్చగా ఉందా, పసుపు ఎక్కువా నీలం ఎక్కువా, కళగా ఉందా మసకగా ఉందా, ఈ నాలుగు జతల్లో మీకు కావాల్సింది పెట్టి బి దగ్గరగా ఉంది, కొంచెం ముదురు తగ్గించి నీలం వైపు తిప్పండి అంటే మరుసటి రౌండ్‌లోనే కుదిరిపోవచ్చు. ఓకే అయిన ముక్కని కోసి మీరొకటి, అద్దేవాళ్ళొకటి, కుట్టేవాళ్ళొకటి ఉంచుకోండి, సంతకం, తేదీ, ఏ గుడ్డ, ఏ లైట్‌లో చూశారు అన్నీ పక్కన రాసి కవర్‌లో పెట్టి వెలుతురు తగలకుండా దాచండి. రేపు గొడవొస్తే మాట్లాడేది ఆ ముక్కే.

ప్రశ్న: షోరూమ్‌లో కుర్తా, దాని పైజామా ఒకే రంగులో ఉన్నాయి. కస్టమర్ బయట ఎండలోకి తీసుకెళ్ళి చూసి రెండూ వేర్వేరు రంగులు అని తిరిగి ఇచ్చేశారు. రెండూ ఒకే రంగు కార్డు చూపించి అద్దించినవే, కాకపోతే అద్దింది రెండు యూనిట్లలో. మోసం జరిగిందా?

జవాబు: మోసం కాదండి, దీన్ని మెటామెరిజం అంటారు, ల్యాబ్‌లో కూర్చునేవాళ్ళందరికీ రోజూ ఉండే తలనొప్పి ఇదే. ఏం జరుగుతుందంటే, గుడ్డ మీద పడ్డ వెలుగులో కొంత గుడ్డలోని రంగు పీల్చుకుంటుంది, మిగతాది తిప్పి పంపుతుంది. 400 నానోమీటర్ల ఊదా నుంచి 700 నానోమీటర్ల ఎరుపు దాకా ఎక్కడెక్కడ ఎంత తిప్పి పంపుతోందో గీత గీస్తే ఆ గుడ్డ జాతకం బయటపడుతుంది. మన కంట్లో రంగు చూసే కణాలు మూడు రకాలే, కాబట్టి వేర్వేరు గీతలున్న రెండు గుడ్డలు కూడా ఒక లైట్ కింద ఆ మూడింటికీ ఒకే సంకేతం పంపగలవు, అప్పుడవి మనకి ఒకే రంగు. లైట్ మారగానే లెక్క మారుతుంది, ఒకటి ఎర్రగా తిరుగుతుంది ఇంకోటి అలాగే ఉంటుంది. మీ రెండు యూనిట్లూ వేర్వేరు రంగు పొడులు కలిపి ఒకే షేడ్‌కి చేరుకున్నాయి, వాళ్ళ ల్యాబ్ లైట్ కింద రెండూ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

అందుకే లైట్ బాక్స్ పెట్టారు. లోపల బూడిద రంగు గోడలుండే పెట్టె, బటన్ నొక్కితే లైట్లు మారతాయి. డి65 అంటే 6500 కెల్విన్ పగటి వెలుతురు లాంటిది, టీఎల్84 అంటే షాపుల్లో వాడుతూ వచ్చిన ట్యూబ్‌లైట్, దాదాపు 4000 కెల్విన్, ఎ అంటే పాతకాలపు ఫిలమెంట్ బల్బు, 2856 కెల్విన్ పసుపుపచ్చటి వెలుగు. వీటికి తోడు యూవీ ఒకటి ఉంటుంది, తెల్ల గుడ్డల్లో మెరుపు కోసం వేసే బ్రైటెనర్ ఉందో లేదో అది పట్టిస్తుంది. ఇప్పుడు షాపులన్నీ ఎల్ఈడీలోకి మారిపోయాయి, 2018లో వెలుగు, రంగుల కొలతలకి ప్రామాణికాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ సీఐఈ ఎల్ఈడీ వెలుగులకి కూడా ప్రామాణికాలు ఇచ్చింది, మీ సరుకు ఎల్ఈడీ కింద అమ్ముతున్నప్పుడు ఆ లైట్ కింద కూడా చూడమని అడగడంలో తప్పేం లేదు.

మీరు చెయ్యాల్సింది ఇది. ఆర్డర్‌లోనే మొదటి లైట్ ఏది, రెండో లైట్ ఏది అని రాయండి, మొదటిదాంట్లో పూర్తిగా కలవాలి, రెండోదాంట్లో కంటికి కొట్టొచ్చేంత తేడా ఉండకూడదు అని. సెట్‌గా అమ్మేవి, అంటే కుర్తా పైజామా, కోటు ప్యాంటు లాంటివి వీలైతే ఒకే చోట ఒకే రంగు పొడులతో అద్దించండి. వీలుకాకపోతే మొదటి యూనిట్ వాడిన పొడుల పేర్లు అడిగి రెండో యూనిట్‌ని అవే వాడమనండి, చాలామంది చెప్తారు. బూడిద, ఖాకీ, ఆలివ్, గంధం, కాఫీ రంగులకి ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి, మూడు రంగులు సమంగా తూకం వేసి నిలబెట్టిన షేడ్లు అవి, కాస్త కదిలినా బయటపడతాయి. కుట్టు దారం, జిప్పు, గుండీ, లేస్ కూడా ఇదే పరీక్షలో పాసవ్వాలి. పాలిస్టర్ దారం కాటన్ గుడ్డకి అన్ని లైట్లలోనూ కలవడం దాదాపు జరగని పని, రెండింటికీ వాడే రంగుల జాతే వేరు, అక్కడ ఏ లైట్ ముఖ్యమో మీరే తేల్చుకుని దానికి కుదుర్చుకోవాలి.

ప్రశ్న: డ్రయ్యర్‌లోంచి తీసిన ముక్క ఫొటోలో ఒకలా, సాయంత్రానికి మన దగ్గరకొచ్చేసరికి ఇంకోలా ఉంటోంది. రంగు ఆరిపోతోందా?

జవాబు: ఆరిపోవడం కాదు, వేడీ తేమా రెండూ రంగుని కదుపుతాయి. ఇస్త్రీ పెట్టగానే ఎర్ర గుడ్డని చూడండి, షేడ్ మారి చల్లారాక మళ్ళీ మొదటికొస్తుంది. ముక్క పూర్తిగా చల్లారి గాలిలో తేమ తనకి కావాల్సినంత తీసుకున్నాకే చూడాలి, కొలవాలి. ల్యాబ్‌లో దీనికి 20 డిగ్రీలు, 65 శాతం తేమ అని పద్ధతి ఉంది. వేడి ముక్క మీద ఎవరైనా ఓకే అడిగితే కాసేపు ఆగమని చెప్పండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: ల్యాబ్ డిప్ ఓకే చేశాం. బల్క్ వచ్చింది, మా కంటికి తేడా తెలుస్తోంది. డైయింగ్ వాళ్ళు మాత్రం డెల్టా ఈ 0.9 వచ్చింది, 1 లోపు ఉంది కాబట్టి పాస్ అంటున్నారు. ఎవరి మాట నిలబడుతుంది?

జవాబు: ముందు బల్క్ రంగు ఎందుకు పక్కకి జరుగుతుందో చెప్పి నంబర్ దగ్గరకొస్తాను. ల్యాబ్ బీకర్‌లో గుడ్డకి పది రెట్లు, ఇరవై రెట్లు నీళ్ళుంటాయి, బల్క్ మెషిన్‌లో 6 నుంచి 8 రెట్లే ఉండొచ్చు, నీళ్ళు తగ్గితే రంగు గుడ్డకి ఎక్కువ పడుతుంది, షేడ్ ముదురుతుంది. కాటన్‌కి రియాక్టివ్ రంగు వేసేటప్పుడు ఉప్పు, సోడా యాష్ లీటరుకి ఇన్ని గ్రాములని వేస్తారు కాబట్టి నీళ్ళు మారితే ఆ మోతాదులూ మారతాయి. ల్యాబ్‌లో వాడిన నీళ్ళు వేరు, మెషిన్‌లోకి వచ్చే నీళ్ళు వేరు అయితే ఇంకో తంటా, నీళ్ళల్లో ఇనుము ఉంటే షేడ్ మసకబారుతుంది. గుడ్డ వేరే లాట్‌ది అయినా, బ్లీచింగ్ తక్కువైనా, చివర సబ్బు ఉడుకు సరిగ్గా పెట్టకపోయినా, సాఫ్ట్‌నర్ ఎక్కువైనా రంగు కదిలిపోతుంది. ఇవన్నీ తెలిసిన యూనిట్ అయితే ల్యాబ్‌లోనే బల్క్ నీళ్ళు, బల్క్ లాట్ పొడి, బల్క్ గుడ్డ, బల్క్ నిష్పత్తి పెట్టుకుని అద్దుతుంది, ఫినిషింగ్ కూడా చేసి చూపిస్తుంది. మీ యూనిట్ అలా చేస్తుందా అని ఈసారి ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి. నా మటుకు నాకు మెషిన్ల సంఖ్య కన్నా ఈ ప్రశ్నకి వాళ్ళిచ్చే జవాబే ముఖ్యం.

ఇక డెల్టా ఈ. స్పెక్ట్రోఫోటోమీటర్ అనే రంగు కొలిచే మెషిన్ ఒక్కో రంగుని మూడు అంకెలుగా మారుస్తుంది, ఎల్ అంటే వెలుగెంత, ఏ అంటే ఎరుపు ఆకుపచ్చల మధ్య ఎక్కడ, బి అంటే పసుపు నీలాల మధ్య ఎక్కడ, ఈ లెక్కని సీఐఈ 1976లో ఖాయం చేసింది. స్టాండర్డ్‌కీ మీ గుడ్డకీ మధ్య దూరమే డెల్టా ఈ. చిక్కెక్కడంటే కన్ను అన్ని రంగుల్లో, అన్ని దిక్కుల్లో తేడాని ఒకేలా పట్టుకోదు, ఈ సంగతి 1942లోనే మెకాడమ్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించాడు. అందుకే 1984లో వచ్చిన సీఎంసీ ఫార్ములాని బట్టల రంగంలో ఎక్కువ వాడతారు, అందులో 2:1 అంటే ముదురు లేత తేడాకి రెట్టింపు సడలింపు ఇచ్చి, రంగు కళకీ రంగు వాటానికీ (అంటే ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలాల్లో ఎటు మొగ్గిందో దానికీ) సడలింపు తక్కువ ఇచ్చారు, మనిషి కన్ను కూడా దాదాపు అలాగే ఓర్చుకుంటుంది. ఇంకా కొత్తగా సీఐఈ డీఈ 2000 ఉంది. ఫార్ములా మారితే ఒకే జత గుడ్డలకి నంబర్ మారిపోతుంది, కాబట్టి 0.9 అని ఎవరైనా చెప్పగానే ఏ ఫార్ములాలో, ఏ లైట్‌లో అని అడగాలి. ఆ రెండూ లేకుండా 0.9కి అర్థం లేదు.

ఇంకోటి, 0.9 మొత్తం ముదురు వైపే ఉంటే చాలామంది గమనించరు, అదే 0.9 మొత్తం రంగు వాటంలోనే ఉండి బూడిద గుడ్డ ఆకుపచ్చ వైపు తిరిగిందంటే గదిలోకి రాగానే పట్టేస్తారు. కాబట్టి మొత్తం ఒక్కటే కాకుండా విడి అంకెలు కూడా పంపమనండి. మీ ఆర్డర్‌లో సీఎంసీ 2:1, డి65, 1 లోపు అని ముందే రాసి ఉంటే వాళ్ళ మాటే నిలబడుతుంది, మీరు తీసుకోక తప్పదు. ఏమీ రాసి లేకపోతే ఇద్దరూ ఓకే చేసిన ముక్కని లైట్ బాక్స్‌లో పక్కపక్కన పెట్టి తేల్చుకోవడమే దారి. ఈసారి ఆర్డర్‌లో మెషిన్ పాస్ అయినా కంటి పరీక్ష కూడా పాసవ్వాలి అని ఒక్క లైను కలపండి, మంచి యూనిట్లు దీనికి అడ్డు చెప్పవు.

ప్రశ్న: టీషర్ట్ బాడీ జెర్సీ, మెడ పట్టీ రిబ్. ఒకే రెసిపీ, కానీ పట్టీ ముదురుగా కనిపిస్తోంది. పాలిస్టర్, కాటన్ కలిసిన పాలీకాటన్ గుడ్డలో అయితే ఇంకా ఘోరం, దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంది.

జవాబు: రిబ్ అల్లికలో గాడులు లోతుగా ఉంటాయి, వెలుగు లోపల ఇరుక్కుంటుంది, కాబట్టి అంతే రంగున్నా ముదురుగా కనపడుతుంది. వెల్వెట్‌ని ఒక వైపు నిమిరి చూసి ఇంకో వైపు నిమిరి చూస్తే షేడ్ మారేదీ ఇందుకే. మెర్సరైజ్ చేసిన, అంటే కాస్టిక్ సోడాతో మెరుపు తెచ్చిన కాటన్ నిండుగా, బ్రష్ చేసిన గుడ్డ లేతగా కనపడటం కూడా అంతే. బాడీ, రిబ్ ఒకే నూలుతో అల్లించి, వీలైతే ఒకే మెషిన్‌లో కలిపి అద్దించాలి, ల్యాబ్ డిప్ రెండింటి మీదా విడిగా చూడాలి, బాడీ మీద ఓకే అయింది కదా అని రిబ్‌ని వదిలెయ్యకూడదు.

పాలీకాటన్ సంగతి వేరు. పాలిస్టర్‌కి డిస్పర్స్ రంగు, 130 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో. కాటన్‌కి రియాక్టివ్, చాలావాటికి 60 డిగ్రీలు చాలు. అంటే ఒకే గుడ్డలో రెండు అద్దకాలు, రెండు రెసిపీలు, రెండూ విడివిడిగా ఒకే షేడ్‌కి రావాలి, ఒకటి ముదిరితే దూరం నుంచి మామూలుగా ఉన్నా దగ్గరకెళితే చుక్కలు. ల్యాబ్ డిప్ చూసేటప్పుడు ముక్కని చేయి చాచినంత దూరంలోనూ చూడండి, కంటి దగ్గర పెట్టుకునీ చూడండి. కాటన్ భాగాన్ని కరిగించి పాలిస్టర్ ఒక్కదాని రంగు చూసే పద్ధతి ల్యాబ్ వాళ్ళ దగ్గర ఉంటుంది, అడిగితే చేసి చూపిస్తారు.

ప్రశ్న: రంగు దిగుతుందా లేదా అన్నది శాంపిల్ దశలోనే చూడాలా, బల్క్‌లో చూస్తే సరిపోతుందా?

జవాబు: శాంపిల్ దశలోనే చూడాలండి, ఖచ్చితంగా. షేడ్ అద్భుతంగా కుదిరి ఉతికితే దిగిపోయే రంగైతే రెసిపీయే మార్చాలి, రెసిపీ మారితే షేడ్ మళ్ళీ మొదటినుంచీ. ఉతుకు, చెమట, రాపిడి, ఎండ, ఈ నాలుగూ కనీసం చూడండి. ఉతుకు పరీక్షలో శాంపిల్ పక్కన కాటన్, నైలాన్, పాలిస్టర్, ఉన్ని లాంటి ఆరు రకాల పోగులున్న పట్టీ కుట్టి ఉతుకుతారు, మన గుడ్డ ఎంత వెలిసింది, పట్టీకి ఎంత అంటింది అని గ్రే స్కేల్ మీద 1 నుంచి 5 దాకా మార్కులేస్తారు, 5 అంటే అసలు మార్పే లేదు. ఎండకి మాత్రం బ్లూ వుల్ స్కేల్, 1 నుంచి 8. ఇవి వేర్వేరు స్కేళ్ళు, ఎండకి 4 వచ్చింది ఉతుక్కి 4 వచ్చింది కదా ఒకటే అనుకోకండి. ముదురు ఎరుపు, నలుపు, నేవీల్లో తడి రాపిడికి 2-3 రావడం మామూలే, దాన్ని 4 కావాలని పట్టుబడితే కుదరదు, కానీ ఆ ముదురు గుడ్డని తెల్ల గుడ్డతో కలిపి కుట్టాలనుకుంటే డిజైన్ గురించి మళ్ళీ ఆలోచించుకోవాలి.

ప్రశ్న: మాది చిన్న యూనిట్ మేడమ్, లైట్ బాక్స్ లేదు, మెషిన్ లేదు. ఉన్నవి మా కళ్ళే. మేం రంగు ఎలా చూసుకోవాలి?

జవాబు: కళ్ళు తక్కువేం కాదండి, మెషిన్లు రాకముందు అద్దకమంతా కళ్ళతోనే నడిచింది. కాకపోతే కంటికి కొన్ని పద్ధతులు నేర్పాలి. నేరుగా ఎండ పడని చోటు చూసుకోండి, ఉత్తరం వైపు కిటికీ అయితే మేలు, పొద్దున్నే సాయంత్రం కాకుండా పగలు నడిమి వేళ చూడండి. కింద మసక బూడిద రంగు కాగితం పరవండి, చుట్టుపక్కల రంగురంగుల గుడ్డలు తీసెయ్యండి. రెండు ముక్కల అంచులూ మధ్యలో సందు లేకుండా ఆనాలి, పడుగు ఒకే దిక్కులో ఉండాలి, మడతలు సమానంగా ఉండాలి. చూసి, కుడిది ఎడమకి మార్చి మళ్ళీ చూడండి. గుడ్లప్పగించి చూస్తూ కూర్చోకండి, కన్ను అలిసిపోయి తేడాని మింగేస్తుంది, మొదటి చూపులో వచ్చిన అభిప్రాయమే రాసుకోండి. నిండు ఎరుపు చూసిన వెంటనే లేత రంగు చూడకండి.

పక్క రంగు ప్రభావం ఎంతుంటుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. ఫ్రాన్స్‌లో గోబెలిన్ నేత శాలలో అద్దకం విభాగం చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకి నల్ల రంగు సరిగ్గా రావట్లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే నలుపులో ఏ లోపమూ లేదు, దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్లే అది నీరసంగా కనపడుతోంది. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే వేశాడు. మీ డిజైన్‌లో రెండు మూడు రంగులు పక్కపక్కన వస్తుంటే విడిగా ఓకే చేసి ఊరుకోకుండా కలిపి పెట్టి కూడా చూడండి.

షేడ్ చూసే మనిషికి రంగు చూపు పరీక్ష చేయించడం మర్చిపోవద్దు. ఇషిహరా చుక్కల పుస్తకం 1917 నుంచీ ఉంది, కంటి డాక్టర్ దగ్గర నిమిషాల్లో అయిపోతుంది. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు మగవాళ్ళల్లో ఎక్కువ, చాలామందికి తమకి అలా ఉందనే తెలియదు. ఇది తప్పు పట్టడానికి కాదు, ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి.

ప్రశ్న: ప్రింట్‌కీ, చెక్స్ గుడ్డకీ కూడా ల్యాబ్ డిప్పేనా?

జవాబు: ప్రింట్‌కి స్ట్రైక్ ఆఫ్ చూడాలి, అంటే అసలు గుడ్డ మీద అసలు డిజైన్‌ని కొంచెం ప్రింట్ చేసి, రంగు పట్టించి, ఉతికి పంపేది. ఉతకని స్ట్రైక్ ఆఫ్ మీద ఓకే చెప్పొద్దు. చెక్స్, చారలకి నూలు చిలపల మీద ల్యాబ్ డిప్ ముందు, ఆ తర్వాత చిన్న మగ్గం మీద నేసిన శాంపిల్. పడుగూ పేకా కలిసిన చోట కొత్త రంగు పుడుతుంది కాబట్టి విడి నూలు చూసి చెక్స్ ఊహించడం నమ్మకం లేని పని.

ప్రశ్న: బల్క్ తానులన్నీ వచ్చేశాయి. కత్తిరించే ముందు ఏం చూడాలి? అలాగే ఆరు నెలల తర్వాత ఇదే రంగు మళ్ళీ కావాలంటే దేనికి మ్యాచ్ చేయించాలి?

జవాబు: ప్రతి తాను నుంచీ నిండు పన్నా అంత వెడల్పుతో ఓ పట్టీ కోసి, అన్నీ వరసగా కలిపి కుట్టండి, దీన్నే షేడ్ బ్లాంకెట్ అంటారు. దాన్ని పరిచి చూస్తే ఏ తాను ఎటు జరిగిందో ఒక్కసారి బయటపడుతుంది. తర్వాత ఒకే తానులో ఎడమ అంచు, నడుమ, కుడి అంచు మూడూ పక్కపక్కన మడిచి చూడండి, అలాగే తాను మొదలూ చివరా. అంచుకీ నడుముకీ తేడా ఉంటే ఎడమ అంచులోంచి వచ్చిన చెయ్యి నడుములోంచి వచ్చిన ఒంటి ముక్క పక్కన కుట్టినప్పుడు బట్ట మీద గీత గీసినట్టు కనపడుతుంది, దాన్ని ఇక ఏ ఇస్త్రీ కప్పలేదు. దగ్గర షేడ్లున్న తానులని గుంపులు చేసి, గుంపుకో గుర్తు పెట్టి, ఒక బట్టకి కావాల్సిన ముక్కలన్నీ ఒకే గుంపులోంచి, వీలైతే ఒకే తానులోంచి వచ్చేలా కటింగ్ వాళ్ళకి చెప్పండి. పనిలో పనిగా బరువు కూడా చూసేయండి, 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి కట్టర్‌తో ముక్క కోసి తూచి వందతో హెచ్చిస్తే జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో వస్తుంది, శాంపిల్ గుడ్డకీ దీనికీ బరువు తేడా ఉంటే షేడ్ తేడాకి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

మళ్ళీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు మొట్టమొదట సంతకం పెట్టి దాచిన ముక్కకే మ్యాచ్ చేయించండి, పోయినసారి వచ్చిన బల్క్‌కి వద్దు. పోయినసారిది కొంచెం ఎరుపు వైపు జరిగి పాసయింది అనుకోండి, దానికి మ్యాచ్ చేసింది ఇంకొంచెం జరుగుతుంది, మూడోసారికి అసలు రంగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాచిన ముక్క వెలిసిందని అనుమానం వస్తే దాని పాత రీడింగ్ అద్దే యూనిట్ కంప్యూటర్‌లో ఉంటుంది, ముక్కని మళ్ళీ కొలిపించి రెండూ పోల్చమనండి. తేడా ఉంటే ఆ రీడింగ్‌కి కొత్త ముక్క అద్దించి దాని మీద కొత్త తేదీ వేసి సంతకం పెట్టండి, పాతదాన్ని కొట్టేసి పక్కన పెట్టండి.